పార్కిన్సన్ వ్యాధికి మూలకణ చికిత్స: ఫలితాల అంచనాపై విమర్శనాత్మక పరిశీలన

పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్‌ను ఉత్పత్తి చేసే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. వాటి స్థానంలో కొత్త కణాలను నాటితే వ్యాధి లక్షణాలు తగ్గుతాయన్నది మూలకణ పరిశోధనకు ఆధారమైన ఊహ. చచ్చిన పైరు చోట మళ్ళీ నారు నాటడం వంటిదే ఈ తర్కం. అది సులభంగా బోధపడుతుంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. నాటిన కణం బతకడం ఒక విషయం, రోగి కోలుకోవడం మరొక విషయం.

1987లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిండ మెదడు కణజాలాన్ని రోగుల మెదడులో నాటడం ప్రారంభించారు. (ఆ కణజాలాన్ని కచ్చితమైన అర్థంలో మూలకణాలనలేము, అయినా నేటి పరిశోధనకు పూర్వరంగం అదే.) ఆ తరువాతి సంవత్సరాలలో కొందరు రోగులలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించింది. అయితే శస్త్రచికిత్స జరిగిందని రోగికీ తెలుసు, పరీక్షించే వైద్యునికీ తెలుసు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కర్ట్ ఫ్రీడ్, స్టాన్లీ ఫాన్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. 40 మంది రోగులలో 20 మందికి కణజాలాన్ని నాటారు. మిగిలిన 20 మందికి పుర్రెకు రంధ్రాలు మాత్రం చేసి, మెదడు పొరను ఛేదించకుండా వదిలేశారు. ఎవరు ఏ వర్గంలో ఉన్నారో రోగులకు చెప్పలేదు. కణజాలం పొందిన 20 మందిలో 17 మందికి నాటిన కణాల నుంచి తంతువులు పెరిగినట్లు స్కానింగులోనో, మరణానంతర పరీక్షలోనో తేలింది. కణాలు బతికాయి. అయినా ఏడాది తరువాత తమ స్థితిని గురించి రోగులే ఇచ్చిన అంచనాలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. అరవై ఏళ్ళలోపు వారికి చలన పరీక్షలలో కొంత మేలు కనిపించిన మాట నిజమే; కాని తరువాతి కాలంలో కణజాలం పొందినవారిలో 15 శాతం మందికి లెవోడోపా మోతాదు తగ్గించినా, ఆపినా అదుపులేని కదలికలు తిరిగి వచ్చాయి.

అదే అధ్యయనంలోని 30 మందిపై 2004లో వెలువడిన పరిశీలన ఇంతకంటే ముఖ్యమైనది, దాన్ని ప్రస్తావించేవారు మాత్రం తక్కువ. తమకు కణాలు నాటారని నమ్మినవారు, నిజంగా నాటినా నాటకపోయినా, తమ జీవనం మెరుగుపడిందని చెప్పారు. వైద్య సిబ్బంది అంచనాలూ ఆ నమ్మకం వైపే మొగ్గాయి.

ఏ ప్రయోజనమూ ఆశించలేని రోగి పుర్రెకు రంధ్రం చేయడం అనైతికమని రూత్ మాక్లిన్ 1999లోనే అభ్యంతరపెట్టారు. ఈ అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని ఆ 20 మంది లేకుంటే అదే చికిత్స మరెంతమందికో మేలు పేరుతో జరిగిపోయేది.

2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రిక రెండు కొత్త అధ్యయనాలను ప్రచురించింది. క్యోటోలో ఏడుగురికి, ఉత్తర అమెరికాలో 12 మందికి ఈసారి మూలకణాల నుంచే తయారుచేసిన కణాలను నాటారు. క్యోటోలో ఫలితాలు పరిశీలించిన ఆరుగురిలో నలుగురికి, మందు ప్రభావం లేని సమయంలో చలనం మెరుగైంది. రెండింటిలోనూ పోల్చడానికి మరో వర్గం లేదు. ఇవి భద్రతను పరీక్షించడానికి ఉద్దేశించినవి కనుక అది పరిశోధకుల లోపం కాదు. వీటిని వ్యాధి నయమైనట్లు తిరగరాసేవారిదే లోపం.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధులకు చేసే రక్త మూలకణ మార్పిడి తప్ప, ఆమోదిత ప్రయోగాల వెలుపల మూలకణాలను చికిత్సగా వాడటం వైద్య దుర్నీతి. అయినా తెలుగులో ‘మూలకణ చికిత్స’ అనే ఒక్క పదమే ఎముక మజ్జ కణాల ఇంజెక్షనుకూ, క్యోటో ప్రయోగానికీ సరిపోతున్నది. రెండో దానికి దక్కిన గౌరవం మొదటి దాని ప్రకటనకు పెట్టుబడి అవుతున్నది. ఆ ప్రకటనలలో సాక్ష్యంగా చూపేది, చికిత్సకు ముందూ తరువాతా తీసిన నడక వీడియోలు. 2001 అధ్యయనంలో ఏమీ నాటించుకోకుండానే నాటారని నమ్మినవారి మాటలు కూడా ఆ వీడియోల కింద సరిగ్గా అతికేవే.