‘పోలీసు చర్య’ ఎవరి మాట?

హైదరాబాద్ సంస్థానం నేపథ్యంగా కథలు రాస్తున్న యువ రచయితలు 1948 సెప్టెంబర్ దాకా వచ్చేసరికి ఏ సంకోచమూ లేకుండా ‘పోలీసు చర్య’ అని రాసేస్తారు. మేజర్ జనరల్ చౌదరి నాయకత్వాన ట్యాంకులతో, విమానాలతో సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజులు సాగింది పోలీసు పని ఎట్లా అవుతుంది? ఆ పేరు వెనుక ఒక అవసరం ఉంది. యుద్ధమంటే హైదరాబాద్ పరాయి దేశమని ఒప్పుకున్నట్టే. నిజాం ప్రభుత్వం పెట్టుకున్న ఫిర్యాదును పారిస్‌లో భద్రతామండలి సెప్టెంబర్ 16న చర్చకు తీసుకున్నది. కనుక ఢిల్లీకి అది ఇంటిలోపలి శాంతిభద్రతల వ్యవహారంగానే కనిపించాలి. పత్రికలు ఆ మాటను అట్లాగే అచ్చువేశాయి. పాఠ్యపుస్తకాలూ, వాటి వెంట మన కథకులూ దాన్నే అందుకున్నారు.

నిజాం రాజ్యాన్ని వలస అనకూడదని వాదించేవాళ్లున్నారు. కోఠీలో రెసిడెంటు, సికింద్రాబాద్‌లో దండు, అందరి మీదా బ్రిటిష్ పరమాధికారం ఉన్నచోట పేరు ఏదైతేనేం? ఆ పరమాధికారం 1947 ఆగస్టు 15తో తొలగిపోవటంతో ‘హైదరాబాద్ భవిష్యత్తు’ పత్రికలకు నిత్య వార్త అయింది. ఆ పదమూడు నెలల పదజాలాన్ని చూడండి: స్వతంత్ర ప్రతిపత్తి, చేరిక, 1947 నవంబర్ 29 నాటి యథాతథ ఒడంబడిక, బాధ్యతాయుత ప్రభుత్వం. చివరిది మినహాయిస్తే అన్నీ రెండు దర్బారులు మాట్లాడుకునే మాటలే. పెద్ద పత్రికల వాక్యాలకు కర్తలు మౌంట్‌బాటెన్, మాంక్టన్, లాయక్ అలీ, మున్షీ. రైతు కనిపిస్తే ‘కల్లోలం’ అనే శీర్షిక కిందనే.

కాని భవిష్యత్తు అనే ప్రశ్నను ఊళ్లు అంతకుముందే వేరే రకంగా వేశాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికే వెట్టి ఉంటుందా పోతుందా, భూమి ఎవరిది అన్నది అసలు ప్రశ్న. 1948 మార్చి 14న మా కరీంనగర్ జిల్లా మహమ్మదాపురం గుట్టల్లో అనభేరి ప్రభాకరరావూ ఆయన సహచరులూ ప్రాణాలిచ్చారు. ఆ నెలల్లో ఢిల్లీ, హైదరాబాద్‌లు ఒడంబడికను ముందు ఎవరు ఉల్లంఘించారని తగువులాడుకుంటున్నాయి. ఈ రెంటిలో చరిత్ర ఎక్కడ నడుస్తున్నదో చెప్పటం పత్రికల పని. విజయవాడ ‘ప్రజాశక్తి’ ఆ పని చేసింది, ఊరిని కర్తగా నిలబెట్టింది. దానికి దక్కిన ఫలితం 1948లో మద్రాసు ప్రభుత్వ నిషేధం. నిజాం కాదు, కాంగ్రెస్ ప్రభుత్వం!

ఇక్కడ మన విమర్శకుల లోపం ఒకటి చెప్పాలి. ఆనాటి పత్రికలనగానే సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ’ దగ్గర ఆగిపోతాం. 1926లో మొదలైన ఆ పత్రిక గొప్పతనాన్ని ఎవరు కాదంటారు? అయితే ఉర్దూ నిజాం పక్షం, తెలుగు ప్రజాపక్షం అన్న విభజన పచ్చి అబద్ధం. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ ఉర్దూ పత్రిక. గులాం మహమ్మద్ నడిపిన ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకుడు అడివి బాపిరాజు. రజాకార్లను ఉర్దూలోనే ఎదిరించి, ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాసినవాడు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుంచి ఇంటికి వస్తుండగా అతన్ని చంపారు, చెయ్యి నరికారు. ముప్పై ఏళ్లు నిండలేదు. చేరికను అతను కోరటానికీ ఢిల్లీ కోరటానికీ ఉన్న తేడాను మనం ఇంతవరకు సరిగా చదవలేదు. అతనికి అది రజాకార్ల కత్తి కింద నిలబడి చెప్పిన మాట, సైన్యాలు వెనకున్నవాళ్లు చెప్పిన మాట కాదు.

సెప్టెంబర్ 17 తర్వాత సమస్య తీరిపోయిందన్నారు. నిజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. సైన్యం రైతుల మీదికి తిరిగింది, సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించేదాకా. సైనిక చర్య వేళ ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక 2013 దాకా బయటికి రాలేదు. ఇన్నేళ్లు ఆ వార్త లేకుండానే మనం కథలూ నవలలూ రాసుకున్నాం.

ఆ రోజుకు పేరు పెట్టే తగాదా ఇంకా పాలకుల మధ్యనే నడుస్తున్నది. 2022లో కేంద్రం విమోచనమన్నది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సమైక్యత అన్నది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన అన్నది. మా కమాన్‌పూర్ వైపు ముసలివాళ్లు పుట్టినరోజు లెక్క చెప్పేటప్పుడు ‘మిలిటరీ వచ్చినేడు’ అనటం నేను విన్నాను. పోలీసు కాదు, మిలిటరీ. 1945లో నిజాం ప్రభుత్వం కొన్న సింగరేణి కంపెనీ కూడా ఆ ఏడు గడిచాక కొత్త ప్రభుత్వానికి దక్కింది. ఆ తర్వాత బొగ్గు మా దిక్కు వచ్చింది. ఓపెన్‌కాస్టు కింద పోయే ఊరి గురించి ఇవాళ్టి వార్త తీసి వాక్యాలకు కర్తలెవరో గుర్తుపెట్టండి: కంపెనీ, ప్రభుత్వం. ఊరు ‘నిర్వాసితులు’ అనే ఒక్క మాటలో ఉంటుంది.

‘ఇమ్రోజ్’, ‘రయ్యత్’ సంపాదకీయాలను తెలుగులోకి తెచ్చే పనిని మన శాఖలు చేపట్టవచ్చు. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు కరీంనగర్, మంథని వైపు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చోవటానికి విద్యార్థులు ముందుకు రావాలి.