యంత్రాలు పెరిగితే లెక్క బిగుస్తుంది

2021 జులై 3న బిట్‌కాయిన్ మైనింగ్ ఒక్కసారిగా దాదాపు 28 శాతం తేలికైంది. తగ్గించమని ఎవరూ ఆదేశించలేదు, ఎక్కడా సమావేశం జరగలేదు. అంతకు ముందు కొన్ని వారాలుగా చైనా మైనింగ్‌ను మూయిస్తూ వచ్చింది. అక్కడి యంత్రాలు ఆగిపోయాయి. పదేసి నిమిషాలకు పడాల్సిన బ్లాకులు ఆలస్యంగా పడసాగాయి. బిట్‌కాయిన్ ప్రోగ్రామ్ ఆ ఆలస్యాన్ని తానే కొలిచి, బ్లాకు కోసం యంత్రాలు విప్పాల్సిన లెక్కను తానే సడలించింది.

సతోషి నకమోటో పేరుతో 2009 జనవరిలో వచ్చిన ఆ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. ప్రతి 2016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకోసారి, ఎంత సమయం పట్టిందో చూసుకుంటుంది. త్వరగా పూర్తయితే బిగిస్తుంది, ఆలస్యమైతే వదులు చేస్తుంది. ఒక్క విడతలో నాలుగు రెట్లకు మించి పెంచదు, నాలుగో వంతుకన్నా కిందికి దించదు. అందులో చిన్న లోపం కూడా ఉంది. 2016 బ్లాకుల గడువుతో పోల్చేది నిజానికి 2015 విరామాల సమయాన్నే. తేడా ఒక శాతంలో ఇరవయ్యో వంతు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పనీ ఆగలేదు. కొద్ది పంక్తుల కోడ్‌లో ఇంత నిబ్బరం నేను మరెక్కడా చూడలేదు.

మైనింగ్ పెంచుదామనుకునే వాళ్ళు ముందుగా ఈ పనితీరును అర్థం చేసుకోవాలి. పది యంత్రాలున్న చోట వంద పెడితే పదింతల రాబడి అనిపిస్తుంది. మిగతా ప్రపంచం కూడా అదే పని చేస్తే రెండు వారాల్లో లెక్క బిగుసుకుంటుంది. పంచుకునే కాయిన్లు మాత్రం పెరగవు. పైగా నాలుగేళ్ళకోసారి సగమవుతాయి. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు దక్కేది 3.125 మాత్రమే. అందుకే తెలిసినవాళ్ళు యంత్రాల సంఖ్య కన్నా, ఒక టెరాహ్యాష్ లెక్కకు ఎన్ని జౌల్స్ విద్యుత్తు ఖర్చవుతుందో చూస్తారు. బిట్‌మెయిన్ ఎస్9 యంత్రానికి అది దాదాపు వంద. ఎస్21కు 17.5. అదే కరెంటుతో ఐదింతలకు పైగా పని! చిప్పు మీద జరిగిన ఈ చెక్కుడు పనికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు వంద ఎస్21లు తెచ్చి నల్గొండ శివారులో షెడ్డు వేశామనుకుందాం. ఒక్కోటి 3,500 వాట్లు, మొత్తం 350 కిలోవాట్లు. ఎల్‌టీ లైను చాలదు, 11 కేవీ హెచ్‌టీ కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రోజుకు 8,400 యూనిట్లు కాలుతాయి. యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకున్నా రోజు ఖర్చు 58,800. తాగిన కరెంటంతా వేడిగా బయటికొస్తుంది. మే నెలలో బయటి గాలే 45 డిగ్రీలు దాటే ఊళ్ళో ఫ్యాన్లు ఊదేది వడగాలే. ఈ యంత్రాలు ఓర్చుకునే హద్దు కూడా దాదాపు అక్కడే. తడి ప్యాడ్లు కడదామంటే బోరు నీళ్ళలోని ఉప్పు వాటి మీద గడ్డకట్టుకుపోతుంది. అసలు ఫ్లోరైడ్ లేని తాగునీటి కోసం తరాల పాటు ఎదురుచూసిన నేల ఇది. ఇక్కడ యంత్రాల కోసం నీటిని ఆవిరి చేయడానికి నా మనసొప్పదు.

ఈ చిక్కుకు నాకు కనిపించిన చక్కని జవాబు హైడ్రో రకం యంత్రం. చిప్పులను అంటిపెట్టుకున్న లోహపు పలకల లోపల, మూసిన గొట్టాల్లో ఒకే ద్రవం తిరుగుతూ ఉంటుంది. బయట రేడియేటర్లలో వేడి వదిలి మళ్ళీ లోపలికి వస్తుంది. ఆవిరై పోయేదేమీ లేదు. మన ఎండలకు ఆ రేడియేటర్లు మాత్రం పెద్దవే కావాలి, ఖర్చు అక్కడ పడుతుంది.

విస్తరణలో ఇంకో నేర్పు, ఎప్పుడు ఆపాలో తెలియడం. టెక్సస్ రాష్ట్రం రాక్‌డేల్‌లో, ఒకప్పుడు అల్యూమినియం కరిగించిన చోట, రయట్ సంస్థ 700 మెగావాట్ల మైనింగ్ కేంద్రం నడుపుతోంది. 2023 ఆగస్టు ఎండలకు గ్రిడ్ మీద భారం పెరిగినప్పుడు వాడకం తగ్గించింది. ఆ నెలలో దానికి దక్కిన కరెంటు క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు, తవ్విన కాయిన్ల విలువ కన్నా చాలా ఎక్కువ. గ్రిడ్ నాడి చూసి నడిచే యంత్రాలు నల్గొండ పక్కనున్న పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు) కొత్త కావు. అక్కడి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. కొరత వేళ కరెంటు పుట్టించడానికీ, మిగులు వేళ దిగువ నీటిని తిరిగి పైకి తోడడానికీ వీలుగా వాటిని తయారు చేశారు.

మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ యంత్రాల ఖరీదును, కరెంటు బిల్లును ఖర్చు కింద మినహాయించుకునే వీలు లేదు. అందుకే నల్గొండ శివారులో ఆ షెడ్డు కట్టొద్దనే నేను చెబుతాను. అలాంటి షెడ్డుకు కావాల్సిన కరెంటు, గొట్టాల పని నేర్చిన చేతులకు మాత్రం దగ్గర్లోనే చోటుంది. పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్, కొత్తూరు వైపు డేటా సెంటర్లు లేస్తున్నాయి. హెచ్‌టీ ప్యానెల్ ముందు తడబడని ఎలక్ట్రీషియన్లు, గొట్టం జాయింటు చుక్క కారకుండా బిగించే ఫిట్టర్లు అక్కడ కావాలి.