గీత నేర్పే చూపు

పెన్సిల్ చిత్రలేఖనం రంగులేని కళగా కనిపించినా, రంగులకూ ఆధారమైన వెలుగునీడలను పట్టుకునే విద్య అదే. 1795లో ఫ్రాన్సులో కోంతే అనే ఆవిష్కర్త గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టడంతో, మట్టి పాలు పెరిగితే లేత గీతనిచ్చే గట్టి పెన్సిళ్లు (హెచ్ రకాలు), తగ్గితే చిక్కని నలుపునిచ్చే మెత్తని పెన్సిళ్లు (బి రకాలు) సాధ్యమయ్యాయి.

ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజా లోహశిల్పులు మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి పోతపోసే డోక్రా ఇత్తడి బొమ్మ ఈ పెన్సిళ్లతో గీయడం నేర్చుకునే కొత్త అభ్యాసకుడికి మంచి పాఠం, ఎందుకంటే దాని ఒంటిమీది అలంకారమే గీతల వరుస. అతడు హెచ్ పెన్సిలుతో బాహ్యరేఖను తేలికగా గీసి, చేయి చాచి పట్టిన పెన్సిలుతో తల, మొండెం పాళ్లను కొలిచి, హాచింగ్ అనే దగ్గరదగ్గర సమాంతర రేఖలతో నీడ నింపి, మెరుపు పడే చోట కాగితాన్ని తెల్లగా వదిలేస్తాడు. గీయడంతోపాటు గీయకుండా ఆగడమూ తెలియడంలోనే ఈ విద్య గొప్పదనం ఉంది.