బయానా కాగితం

దసరా దగ్గరపడితే గోదావరిఖని దగ్గరి మా జ్యోతినగర్ చుట్టూ సిమెంటు, ఇసుక బండ్ల తాకిడి పెరుగుతుంది. సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు లాభాల వాటా చేతికొచ్చే కాలమది. 2023-24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. అలా వచ్చే వాటాలో కొంత ఏటా ఎవరి ఇంటి మీదనో స్లాబవుతుంది. దాని కింద ఎన్టీపీసీ కాంట్రాక్టు కార్మికుడు కిరాయికి దిగుతాడు.

నాకు లాభాల వాటా లేదు, చిట్టి ఉంది. ఐదు లక్షల చిట్టి, 25 మంది, 25 నెలలు. ఇల్లు కొనడానికి నాలుగో నెలలో లక్ష తగ్గించి పాడి నాలుగు లక్షలు ఎత్తాను. చిట్ ఫండ్స్ చట్టానికి 2019 సవరణ తర్వాత నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం దాకా ఉండొచ్చు. మా చిట్టిలో అంతే పోయింది, 35 వేలు. మిగిలిన 65 వేలు అందరికీ పంచితే తలా 2,600. ఆ నెల కట్టింది 17,400. కొన్న ఇంటి రెండు పోర్షన్ల కిరాయి పదివేలు వస్తే మిగతాది జీతంలోంచి. రెండేళ్లు ఇంట్లో కొత్తబట్టల ఊసెత్తలేదు.

నాలుగు లక్షలకు ఇల్లు రాదు కదా! అమ్మిన పెద్దాయన ఆగాడు. "సగమియ్యి బిడ్డా, మిగిలింది వాయిదాల మీద ఇయ్యి. మిత్తి వద్దు, మాట తప్పకు" అన్నాడు. అమెరికాలో దీనికి సెల్లర్ ఫైనాన్సింగ్ అని పేరుందట. మా వాడలో పేరేమీ లేదు, రాసుకున్న వాయిదాలు మాత్రం ఉన్నాయి.

ఆ రాసుకోవడం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అంతకుముందు ఓ ఇంటికి తెల్లకాగితం మీద 60 వేలు బయానా ఇచ్చాను. అమ్మినవాడు అదే ఇల్లు మరొకరికి రిజిస్ట్రేషన్ చేశాడు. వంద రూపాయలూ, ఆ పైన విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. నా కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి, అంతే. పెద్దమనుషుల్లో పెడితే 20 వేలు తిరిగొచ్చాయి.

గోదావరిఖని వైపు ఇంకో చిక్కుంది. చాలా ఇళ్లు సింగరేణి కంపెనీ స్థలంలో లేచినవి. అలాంటి ఇళ్లను క్రమబద్ధీకరించే జీవో 76 కింద పట్టా వచ్చిందా లేదా అడగకుండా ధర మాట్లాడొద్దు. పట్టా ఉందంటే చూపించమనండి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి, బయానా ఆ మర్నాడు ఇవ్వండి.