మధువు – కల్లు

మన సాహిత్యమున మధువునకు లభించిన మర్యాద కల్లునకు లభింపలేదు. దువ్వూరి రామిరెడ్డిగారు ఉమర్ ఖయ్యామును తెలుగున 'పానశాల'గా వెలయింపగా, పారశీక ద్రాక్షారసమును మనవారు తనివిదీర ఆస్వాదించిరి. కాని మన తాటిచెట్టు నెక్కువాని నేర్పును మెచ్చిన కవు లరుదు.

ఆ నేర్పు సామాన్యము కాదు. తాటికి పూగెలను, ఈతకు మొవ్వు చెంత కాండమును గీయవలెను. లొట్టికి సున్నము పూసినచో తీయని నీరా దక్కును; లేనిచో కొన్ని గంటలలోనే పులిసి కల్లగును; ఆపై పుల్లబడును. ద్రాక్షాసవమువలె ఏండ్లతరబడి నిలువయుంచుటకు వీలులేదు. ఏ పూట కల్లు ఆ పూటకే; దాని గుణమంతయు అందే యున్నది.

ధర్మపురి యొకప్పుడు సేలము జిల్లాలోనిది. 1937లో రాజాజీ ప్రభుత్వము మద్యనిషేధమును తొలుత ఆ జిల్లాలోనే అమలుపరచెను. 1971లో నిషేధము సడలినను, 1987 నుండి తమిళనాట కల్లు మరల నిషిద్ధము. పేదవాని కూలి యింటికి చేరవలెనన్న ఆశయమును తప్పుపట్టరాదు. ఐనను సీమసారాయమును ప్రభుత్వమే అమ్ముచుండగా చెట్టు కల్లునకే శిక్ష యేల?

కల్లు త్రాగుడని చెప్పుట నా యభిమతము కాదు. గీత, మోకు, లొట్టి, ముంత – ఈ మాటలు మన పిల్లలకు నిఘంటువున దప్ప వినబడకపోవుట మాత్రము మన నష్టమే. త్రాగనివారును వానిని వ్రాసియుంచవచ్చును.