రాతి మీద ఒక ఉద్యోగ జీవితం

ఇంగ్లండు తీరపు ఊళ్ళలో పాత చర్చిల గోడల మీద నావికుల స్మారక ఫలకాలు కనిపిస్తాయి. పేరు పక్కన ‘ఆర్.ఎన్.ఆర్.’ అని ఉంటే ఆయన రాయల్ నేవల్ రిజర్వ్ అధికారి. 1859 చట్టంతో పుట్టిన దళమిది. అప్పట్లో వాళ్ళకు మామూలు రోజుల్లో వర్తక ఓడల్లో కొలువు, యుద్ధమొస్తే నౌకాదళం పిలుపు. ‘ఆర్.డి.’ అని కూడా ఉంటే, దీర్ఘకాలం సేవ చేసినవాళ్ళకు 1908లో మొదలుపెట్టిన గౌరవ పతకం అందుకున్నాడన్నమాట.

చదివేవాళ్ళు అధికారిని తలుచుకుంటారు. నా కళ్ళు మాత్రం చెక్కినవాడి పనితనం మీదికే పోతాయి. ముందు కాగితం మీద, ఆపైన రాతి మీద పెన్సిలు గీత. తర్వాతే ఉలి. గాడి ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో దిగాలి. ఒక వాలు వెలుగు పట్టి, రెండోది నీడలో ఉంటేనే అక్షరం తేలుతుంది. గుండ్రటి ‘ఓ’ను పక్క అక్షరాల కొలతకే చెక్కితే కంటికి చిన్నదిగా అనిపిస్తుంది, అందుకే రవ్వంత గీత దాటిస్తారు. అక్షరాల మధ్య ఎడం స్కేలు చెప్పదు, కన్నే చెప్పాలి. ఫలకం వేల్సు పలకరాయిదైతే, దానిది పొరల స్వభావం. ఉలి జారి పెచ్చు లేచిందా, చెరిపి దిద్దుకోవడానికి అదేమీ కాగితం కాదు! ఇక నావికుడి అన్నేళ్ళ సముద్రాన్ని నాలుగు పంక్తుల్లో ఇమడ్చడం సరేసరి.

ఇప్పుడు ఇసుక చిమ్మి చెక్కే యంత్రాలున్నాయి. పని తొందరగా తెములుతుంది, అంతే. చేతిపనికి సాటి రావు. అలాంటి చర్చికి వెళ్తే, కిటికీ వెలుతురు పక్కవాటుగా పడుతున్నప్పుడు ఆ ఫలకాన్ని చూడండి.