బొమ్మ చేత అనిపించిన మాట

1930ల నుంచి 1980ల వరకు వచ్చిన తమిళ, మలయాళ జనరంజక చిత్రాలలోని సాహసం ఎన్నుకొన్న కథలో కంటే, సంఘం వినడానికి ఇష్టపడని మాటను ఎవరి నోట, ఏ ముసుగులో పలికించాలన్న నేర్పులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ నేర్పు తెలుగువారికి కొత్తది కాదు; తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ అనరాని మాటలను కేతిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి అనేసి పోతే జనం నవ్వుకొన్నారే గాని తప్పుపట్టలేదు.

కె. బాలచందర్ 1977లో తమిళంలో తీసి, 1979లో 'ఇది కథ కాదు'గా తెలుగు చేసిన 'అవర్‌గళ్'లో ఆ బొమ్మ నిజంగానే ఉంది. కథానాయిక భర్త క్రూరత్వానికి తాళలేక విడాకులు తీసుకొని, పసివాడితో ఒంటరిగా బతుకుతూ ఉద్యోగం చేసుకొనే స్త్రీ; ఆమెను లోలోపలే ప్రేమించే యువకుడు (కమల్‌హాసన్) వెంట్రిలాక్విస్టు, అంటే పెదవి కదపకుండా గొంతు మార్చి, ఆ మాటలు చేతిలోని బొమ్మే అంటున్నదని భ్రమింపజేసేవాడు. అతని నోట రాని ప్రేమను బొమ్మ వాగేస్తుంది, అతడే దానిని కసురుతాడు. ఆశా సంకోచమూ ఒకే గొంతులోంచి వస్తున్నా, చూసేవారికి ఇద్దరు మనుషులు తగవుపడుతున్నట్లే ఉంటుంది.

'అవర్‌గళ్'కు రెండేళ్ల ముందు వచ్చిన 'అపూర్వ రాగంగళ్' ముసుగు బేతాళ ప్రశ్న. ఒక యువకుడు తనకన్నా పెద్దదైన గాయనిని, ఆమె కూతురు ఆ యువకుడి తండ్రిని కోరుకొంటే వారి మధ్య వరుసలేమిటన్న చిక్కు విక్రమార్కుడంతటి వాడిని మౌనంలో పడవేసినదే కనుక, ఆ పాత కథ నీడలో ప్రేక్షకుడు ఆ ప్రేమల మీది దుమారం మరచి సమాధానం వెతకసాగాడు. దాసరి నారాయణరావు దీనినే 1976లో 'తూర్పు పడమర'గా తీశారు.

కె. సుబ్రహ్మణ్యం 'త్యాగభూమి' (1939) న్యాయస్థానాన్ని వాడుకొన్నది. విడిచిపెట్టిన భర్త కాపురానికి రావాలని దావా వేస్తే, కథానాయిక సావిత్రి తాను రానని, కావాలంటే తానే అతనికి మనోవర్తి ఇస్తానని చెబుతుంది. బోనులో నిలబడి అన్నది కాబట్టి అది గయ్యాళితనంగా కాక వాదంగా వినబడింది. కాంగ్రెసు ఉద్యమ ఛాయలున్నందుకు బ్రిటిషు ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిషేధించింది.

కులం విషయంలో మలయాళం కంటే తెలుగు ముందున్నది. చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే 'మాలపిల్ల' తీయగా, తెరమీద గ్రాంథికం చెలామణి అవుతున్న రోజులలో తాపీ ధర్మారావు పాత్రలకు వాడుక భాషను ఇచ్చారు. మలయాళంలో ఆ పని పాట చేసింది. 'నీలక్కుయిల్' (1954) నాటికి అక్కడి పాటలు చాలావరకు హిందీ, తమిళ బాణీలకు నకళ్లు కాగా, కె. రాఘవన్ కేరళ పల్లె బాణీలను తెచ్చి, ఉపాధ్యాయుడి చేత మోసపోయిన దళిత యువతి నీలి కథను పరాయి కథ అనిపించకుండా చేశారు. ఆమె బిడ్డను పెంచే పోస్ట్‌మాన్ వేషం వేసినవారు పాటలు రాసి, రాము కరియాత్‌తో కలిసి దర్శకత్వం వహించిన పి. భాస్కరనే. ఐ.వి. శశి 'అవళుడె రావుకళ్' (1978) మాట వేరు: దాని ముసుగు ప్రచారం; అది ఒంటిని అమ్మింది, సినిమా మాత్రం వేశ్య బతుకును సానుభూతితో చూసింది.

ఈ చిత్రాలు ముగింపులో తరచు వెనకడుగు వేశాయన్నది దాచవలసిన సంగతి కాదు. 'నీలక్కుయిల్'లో ఉపాధ్యాయుడికి బుద్ధి వచ్చేసరికి నీలి బతికి లేదు. 'అపూర్వ రాగంగళ్'లో ఎవరి బిడ్డలు వారి దగ్గరకు చేరి చిక్కు విడిపోయింది. 'అవర్‌గళ్' అలా లొంగలేదు. మాజీ భర్తనూ, పాత ప్రేమికుడినీ, బొమ్మతో మాట్లాడించినవాడినీ కాదని రైలెక్కిన ఆ స్త్రీ వెంట చివరికి మిగిలినది, తన కొడుకు చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా ఆమె ఇంట ఆయాగా పనిచేసిన అత్తగారు.